పిట్టలు కనబడని రోజు కూడా లెక్కలో రాయాలి



నేను బి.కాం. చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. మా ఊరు కోలారు జిల్లా మాలూరు తాలూకాలోని మాస్తి. కన్నడ రచయిత మాస్తి వెంకటేశ అయ్యంగార్ గారి పేరు వల్ల ఈ ఊరి పేరు చాలామందికి తెలుసు. పక్షులను చూడడం నాకు ఉద్యోగంలో ఉన్నప్పటి నుంచీ అలవాటు. ఈ ఏడాది మన స్కాలర్‌షిప్ విద్యార్థులు కొందరు ఫిబ్రవరి, మార్చి నెలల్లో నాలుగు ఆదివారాలు నాతోపాటు చెరువు గట్లకు వచ్చారు. చివరి రోజున ఒక అమ్మాయి అడిగింది: "సార్, నాలుగుసార్లు వచ్చాం, రెండుసార్లే పిట్టలు బాగా కనబడ్డాయి. మిగతా రెండు రోజులూ దండగే కదా?"

అప్పటికి నవ్వి ఊరుకున్నాను. కానీ అది మంచి ప్రశ్న. జవాబు వివరంగా రాస్తే అందరికీ పనికొస్తుందని ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందుగా ఈ కాలం సంగతి. ఫిబ్రవరి నడిమి నుంచి ఉగాది దాకా పక్షులకు రాకపోకల కాలం. చలికాలానికి ఉత్తరాది నుంచి, హిమాలయాల అవతలి నుంచి వచ్చిన బాతులు తిరుగు ప్రయాణానికి సిద్ధమవుతుంటాయి. పగటి పొద్దు పెరగడమే వాటికి గుర్తు. పొద్దు పెరిగేకొద్దీ వాటి శరీరంలో మార్పులు వస్తాయి, బాగా తిని కొవ్వు నిలవ చేసుకుంటాయి, ఒకనాడు లేచిపోతాయి. మన జిల్లాలో ఏడాది పొడుగునా పారే నది లేదు, ఉన్నవన్నీ చెరువులే. ఆ నీళ్ళు కూడా ఈ నెలల్లోనే తగ్గుతూ వస్తాయి. అందుచేత ఈ వారం చూసింది వచ్చే వారం ఉంటుందని నమ్మకం లేదు.

ఇక మా నాలుగు ఆదివారాలు. మొదటిసారి బస్సు ఆలస్యమై గట్టు చేరేసరికి తొమ్మిదిన్నర దాటింది. ఎండ ఎక్కింది, పిట్టలు నీడకు చేరాయి. రెండు కొంగలు, ఒక నీటికాకి తప్ప ఏమీ లేవు. పొద్దున తొలి రెండు గంటలే పిట్టలు మేతకు తిరిగే వేళ. తప్పు మాది, చెరువుది కాదు.

రెండోసారి ఆరున్నరకే చేరాం. సూదితోక బాతులు గుంపుగా నీటి మీద ఉన్నాయి. గట్టున కాటుకపిట్టలు తోక ఊపుతూ తిరుగుతున్నాయి. పిల్లలు ఊపిరి బిగబట్టి చూశారు.

మూడోసారి మార్చి మొదటి వారం. అదే గట్టు, అదే వేళ, కానీ ఒక్క బాతు లేదు. పిల్లల ముఖాలు వాడిపోయాయి. అయితే నీరు వెనక్కి తగ్గిన చోట బురద తేలింది. ఆ బురదలో పొడుగు ముక్కుల ఉల్లంకి పిట్టలు పురుగులు ఏరుకుంటున్నాయి. నిండు నీటి రోజుల్లో వాటికి అక్కడ మేత దొరకదు. బాతుల కోసం వచ్చినవాళ్ళు కాబట్టి మా వాళ్ళు వాటిని సరిగా చూడనే లేదు.

నాలుగోసారి చెరువు వదిలి, పూసిన మోదుగ చెట్టు కింద కూర్చున్నాం. తేనెపిట్టలు, మధ్య ఆసియా వైపు తిరిగి వెళ్ళబోయే గులాబీరంగు గోరువంకలు తేనె కోసం కొమ్మకొమ్మా వాలాయి. ఎక్కడో కోకిల కూసింది. "కోకిల వచ్చేసింది" అన్నాడొక అబ్బాయి. కోకిల ఎక్కడికీ పోలేదు. చలికాలమంతా ఇక్కడే ఉంది, కాకపోతే కూయలేదు. కనబడకపోవడం వేరు, లేకపోవడం వేరు.

దీనికి మన తెలుగు నేలమీదనే పెద్ద ఉదాహరణ ఉంది. కడప ప్రాంతపు కలివికోడిని 1848లో జెర్డాన్ అనే ఇంగ్లీషు డాక్టరు లోకానికి తెలియజేశాడు. 1900 తరువాత అది ఎవరి కంటా పడలేదు. అంతరించిందనే అనుకున్నారు. 1986 జనవరిలో లంకమల అడవి దగ్గర ఐతన్న అనే స్థానికుడికి అది దొరికింది, బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గారి ద్వారా లోకానికి తెలిసింది. అది దొరికింది రాత్రిపూట, టార్చిలైటు వెలుగులో. కలివికోడి రాత్రి తిరిగే పక్షి. దాన్ని పగలు వెతికితే ఏం దొరుకుతుంది?

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్పాలి. చాలా ఏళ్ళుగా నేను పక్షుల నోటుపుస్తకం రాస్తున్నాను. పిట్టలు బాగా కనబడిన రోజునే రాసేవాణ్ణి. వట్టి చేతులతో తిరిగొచ్చిన రోజున పుస్తకం తెరిచేవాణ్ణి కాదు. 2018లో కె.సి. వ్యాలీ పథకం కింద బెంగళూరులో శుద్ధి చేసిన నీళ్ళు కోలారు చెరువులకు రావడం మొదలైంది. కొన్నాళ్ళకు కాలేజీ ప్రాజెక్టు చేస్తున్న ఒక విద్యార్థి వచ్చి, "ఈ నీళ్ళు రాకముందు ఫిబ్రవరిలో ఇక్కడ బాతులు ఉండేవా, లేవా?" అని అడిగాడు. పుస్తకం తిరగేశాను. కొన్ని ఏళ్ళ ఫిబ్రవరిలో ఒక్క పద్దూ లేదు. బాతులు లేక రాయలేదా, నేను వెళ్ళక రాయలేదా? నాకే తెలియలేదు. ఆ అబ్బాయి ఖాళీగా వెళ్ళిపోయాడు. బ్యాంకులో లావాదేవీ లేని రోజున కూడా క్యాష్ బుక్కు ముగించి సంతకం చేసినవాణ్ణి, ఇక్కడ సున్నా రాయడం మరిచిపోయాను. అన్నేళ్ళ తిరుగుడుకు లెక్క లేకుండా పోయింది.

ప్రపంచమంతటా ఏటా ఫిబ్రవరి మధ్యలో నాలుగు రోజులు జరిగే గ్రేట్ బ్యాక్‌యార్డ్ బర్డ్ కౌంట్ ఈ సూత్రం మీదే నడుస్తుంది. కనీసం 15 నిమిషాలు ఒకచోట ఉండి, గుర్తుపట్టిన పిట్టలన్నీ రాయమంటారు. అన్నీ రాస్తేనే, రాయని పిట్ట ఆ వేళ అక్కడ కనబడలేదని తెలుస్తుంది. ఈబర్డ్ అనే ఉచిత వెబ్‌సైటులో మీ జాబితా చేర్చవచ్చు.

తల్లిదండ్రులకు ఒక మాట. పరీక్షల ముందు పిట్టల వెంట తిరగడమేమిటని మీరు అనుకోవడం సహజం. దీనివల్ల మార్కులు పెరుగుతాయని నేను చెప్పను. ఆదివారం పొద్దున రెండు గంటలు, ఒక నోటుపుస్తకం, ఒక పెన్సిలు చాలు. బైనాక్యులర్ లేకపోయినా ఫరవాలేదు. పుస్తకంలో అయిదు గడులు గీయించండి: తేదీ, వేళ, చోటు, నీటి మట్టం, కనబడినవి. పిట్ట పేరు తెలియకపోతే రంగు, ముక్కు, తోక ఎలా ఉన్నాయో రాస్తే చాలు. ఊహించి పేరు పెట్టకూడదు. ఏమీ కనబడకపోతే అయిదో గడిలో సున్నా చుట్టాలి.

ఆ అమ్మాయికి ఇప్పుడు నా జవాబు: మార్చి మొదటి వారంలో మన చెరువులో బాతులు లేవని నువ్వు రాసిన పద్దు, నా పుస్తకంలో లేని పద్దు. పదేళ్ళ తరువాత ఎవరైనా వచ్చి అడిగితే నీ దగ్గర జవాబు ఉంటుంది. ఆ పుస్తకం పారేయకు తల్లీ.