ముక్కు మీదే బరువంతా

మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పైలట్లు నడిపిన సాప్‌విత్ కామెల్ రెక్కలు ఈ కొస నుంచి ఆ కొసకు 8.53 మీటర్లు. నాలుగో వంతు సైజులో మోడల్ కడితే 2.13 మీటర్లు వస్తాయి. ఇంత పెద్ద మోడల్‌కు ఏ ఇంజిన్ పెట్టాలన్నది చెక్క కోయకముందే తేల్చుకోవాలి.

ఎంత తేలికైతే అంత మంచిదనే ఎవరైనా అనుకుంటారు. కామెల్ దగ్గర ఆ లెక్క తిరగబడుతుంది. అసలు విమానానికి ముక్కు పొట్టి. ఖాళీ విమానం బరువు దాదాపు 420 కిలోలైతే, అందులో సుమారు 170 కిలోలు ముక్కులోని క్లెర్గెట్ రోటరీ ఇంజిన్‌దే. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ నాలుగో వంతుకు తగ్గితే బరువు 64వ వంతుకు దిగాలి. అంటే మోడల్ ఇంజిన్ 2.6 కిలోలకు పైగా తూగాలి. 50 సీసీ పెట్రోల్ ఇంజిన్ డీఏ-50 తూగేది సుమారు 1.3 కిలోలే. దాన్ని బిగిస్తే విమానం తోక వైపు వాలుతుంది, ముక్కులో సీసం నింపక తప్పదు.

సీసం ప్రొపెల్లర్‌ను తిప్పదు. అందుకే ఇలాంటి చోట దాదాపు 2 కిలోలుండే జెనోవా జీ-62 లాంటి పాతకాలపు బరువైన ఇంజిన్ నయం. ఎలాగూ మోయాల్సిన బరువు కాస్త శక్తినైనా ఇస్తుంది.

ముస్తాంగ్ యుద్ధ విమానం మోడల్ సంగతి వేరు. దాని ముక్కు పొడవు కాబట్టి ఇంజిన్ రెక్కకు చాలా ముందు కూర్చుంటుంది. తక్కువ బరువే తోకను నిలబెడుతుంది. అక్కడ అవసరానికి మించిన ఇంజిన్ పెడితే సీసం తోకలోకి చేరుతుంది.

ఇంజిన్ పెరిగితే పెరిగేది దాని బరువొక్కటే కాదు. అదురుకు తట్టుకోవాలంటే ఇంజిన్ బిగించే ఫైర్‌వాల్ మందంగా ఉండాలి. పెద్ద ప్రొపెల్లర్ నేలకు తగలకూడదంటే చక్రాల కాళ్లు పొడవవ్వాలి, వాటిని పట్టే రెక్క మూలం గట్టిపడాలి. ట్యాంకూ పెద్దదవుతుంది. లీటరు పెట్రోలు సుమారు 740 గ్రాములు.

తోక దగ్గర మాత్రం గ్రాము గ్రాముకూ లెక్కే. తూకం కుదిరే బిందువు నుంచి తోక దూరం ముక్కు దూరానికి మూడు రెట్లుంటే, అక్కడ పెరిగిన 100 గ్రాములకు ముందు 300 గ్రాములు జోడించాలి. మొత్తం మీద 400 గ్రాములు పెరిగినట్టు. బాల్సా చెక్క ఘనపు మీటరుకు సుమారు 160 కిలోలుంటే, బర్చ్ ప్లైవుడ్ దానికి నాలుగు రెట్లుంటుంది. అందుకే ప్లైవుడ్‌ను ఫైర్‌వాల్‌కు, చక్రాలు బిగించే చోటుకు పరిమితం చేసి, తోకను ఏరికోరిన తేలికపాటి బాల్సాతో కడతారు.

బ్యాటరీ మోడళ్లలో ఇంకో వెసులుబాటు ఉంది. 12 సెల్స్, 5000 ఎంఏహెచ్ లిపో ప్యాక్ దాదాపు కిలోన్నర ఉంటుంది. దాన్ని ముందుకో వెనక్కో జరిపితే చాలా వరకు తూకం కుదురుతుంది. అయితే పెట్రోలు ఎగిరేకొద్దీ ఖర్చయి బరువు తగ్గుతుంది. బ్యాటరీని మాత్రం దిగేదాకా అంతే బరువుతో మోయాలి. రెక్క వైశాల్యం అంతే ఉండి బరువు పెరిగితే, దిగేటప్పుడు వేగమూ ఎక్కువ కావాలి.

మన దేశంలో 2021 డ్రోన్ నియమాలు మోడల్ విమానానికి 25 కిలోల పరిమితి పెట్టాయి. ఆ తూకంలో ముక్కులోని సీసం కూడా ఉంటుంది.