తాటిచెట్టు క్రింది వర్తకురాలు

తెలతెలవారుచుండగా నల్లగొండ, మహబూబునగరు మెట్టలలో చెరువుకట్టల వెంట, పొలముగట్ల వెంట నడచువారికి తాడిచెట్ల మీదినుండి గీతకత్తి సవ్వడి వినబడును. నడుమున ముత్తాదు, వీపును చుట్టి మోకు, కాళ్ళకు గుజ్జి. కాటమయ్యకు మ్రొక్కి గౌడు అంత ఎత్తునకు ఎగబ్రాకును. దారిని పోవువారందరు తలయెత్తి అతనిని చూతురు. చెట్టు క్రింద కుండలు సవరించుకొనుచున్న అతని ఇల్లాలిని చూచువారు అరుదు. కాని, పైనుండి దిగిన లొట్టిలోని కల్లు కాసులుగా మారునది పెక్కు ఇండ్లలో ఆమె చేతిమీదుగానే.

కల్లు వర్తకము తక్కిన వర్తకములవంటిది కాదు. బియ్యము నిలువయుంచవచ్చును, బట్ట దాచవచ్చును. కల్లు ఆగదు. చెట్టునుండి జారిన రసము కుండలో పడినది మొదలు గాలిలోని, కుండలోని ఈస్టు తన పని ఆరంభించును. ఉదయమున తీయగా నున్నది మధ్యాహ్నమునకు ఘాటెక్కును, సాయంకాలమునకు పులిసిపోవును. కనుక ఎంత గీసినను, ఆ కొన్ని గడియలలో అమ్ముడుపోయినదే ఫలము, మిగిలినది నేలపాలు. గీయుటలో ఎంత నేర్పు కావలెనో, అమ్ముటలోను అంత నేర్పు కావలెను.

ఆ నేర్పు ఎట్టిది? ఏ చెట్టు కల్లు తీపో, ఏది వగరో ఎరిగియుండవలెను. తాటికల్లు కోరువాడెవడు, ఈతకల్లు కోరువాడెవడు అని గుర్తుంచుకొనవలెను. పంట చేతికి రాగానే బాకీ తీర్చువాడెవడో, మాట దాటవేయువాడెవడో కనిపెట్టవలెను. వానలకు బేరము తగ్గినప్పుడు, జాతరలకు పెరిగినప్పుడు లెక్క సరిచూచుకొనవలెను. మితిమీరి త్రాగినవానికి, చాలునని చెప్పి ఇంటికి పంపగల గట్టిదనము కూడ కావలెను. అక్షరములు రాని కాలమున ఈ పద్దులన్నియు గోడమీది గీతలలోను, ఆమె జ్ఞాపకములోను ఉండెడివి.

ఇదే పనికి పెద్ద సంస్థలలో గొప్ప పేళ్ళు, హోదాలు కలవు. 1955లో మద్రాసులో జన్మించిన ఇంద్రా నూయి కలకత్తాలోను, అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయములోను నిర్వహణశాస్త్రము చదివి, 1994లో పెప్సీకో సంస్థలో చేరి, 2006లో దాని ప్రధానాధికారిణి అయ్యెను. చదువు, కొలువు, ఒక్కొక్క మెట్టు. ఆ మార్గము స్పష్టముగా కనబడును. పాలమూరు మండువాలో కుండలముందు కూర్చున్న స్త్రీకి మెట్లు లేవు. ముప్పది యేండ్లు అమ్మినను ఆమె గౌడు భార్యయే గాని వర్తకురాలని కాగితమున వ్రాయబడదు.

దీనికి కారణము వృత్తి చరిత్రలోనే కలదు. నిజాం ప్రభుత్వమునకు ఆబ్కారీ గొప్ప ఆదాయమార్గము. చెట్లపై హక్కును గుత్తేదారులు వేలములో పాడుకొనగా గీతకాడు వారి కూలివాడుగా నుండెను. తరువాత గీత పారిశ్రామిక సహకార సంఘములు వచ్చి, చెట్టు మీద గీసేవానికే హక్కు లభించెను. అది న్యాయమే. కాని సంఘ సభ్యత్వమునకు చెట్టెక్కుటయే కొలత కాగా, చెట్టెక్కు ఆచారము లేని స్త్రీ ఆ కొలతకు వెలుపల నిలిచిపోయెను. అమ్మకము నెరిగినవారి అనుభవమునకు అందు చోటు లేకపోయెను.

ఆమె పేరు బయటికి వచ్చునది తరచుగా ఒక్క సందర్భమున: మోకు జారి భర్త నేల కూలిననాడు. తాడిచెట్టునుండి పడినవారిలో ప్రాణములు పోయినవారు కొందరు, వెన్నువిరిగి మంచము పట్టినవారు కొందరు. ఈ దుఃఖము ప్రతి గీత గ్రామమునకు తెలిసినదే. 2024 జూలైలో తెలంగాణ ప్రభుత్వము ‘కాటమయ్య రక్షణ కవచము’ పేర భద్రతా పరికరములు పంచనారంభించినది. మెదకు జిల్లాలో భర్తను కోల్పోయిన ఒక యువతి తానే మోకు చేతబట్టి తాళ్ళెక్కి బిడ్డలను పోషించిన వృత్తాంతము పత్రికలలో వెలువడెను. అందరు ఆమె సాహసమును మెచ్చిరి. కాని సాహసమునకు వైధవ్యమే ద్వారము కావలెనా యన్న ప్రశ్న మిగిలియే యున్నది.

ఈ ప్రశ్న మనకు మాత్రమే చెందినది కాదు. ఫ్రాన్సు దేశమున రైమ్స్ నగరములో 1777లో పుట్టిన బార్బ్ నికోల్ పోన్సార్దాన్, క్లికో కుటుంబపు కోడలై, 1805లో ఇరువదియేడవ యేట భర్తను కోల్పోయెను. నాటి ఫ్రెంచి చట్టము ననుసరించి వివాహిత భర్త అనుమతి లేక వ్యాపారపు ఒడంబడిక చేసికొనరాదు; వితంతువునకు మాత్రము ఆ స్వేచ్ఛ కలదు. మామగారిని ఒప్పించి ఆమె ద్రాక్షాసవ వ్యాపారమును చేపట్టెను. 1814లో నెపోలియను పతనముతో యుద్ధము చల్లారుచుండగా, పోటీదారులు మేల్కొనకముందే పదివేలకు మించిన సీసాలను ఓడ కెక్కించి రష్యా విపణికి పంపెను. సీసాలో తేరుకొనిన ఈస్టు మడ్డిని మూతివైపునకు దించు పద్ధతిని ఆమె గిడ్డంగులలోనే 1816 ప్రాంతమున రూపొందించిరి. నేటికిని ఆ షాంపేనుకు ‘వ్యవ్ క్లికో’ యనియే పేరు. ‘వ్యవ్’ అనగా వితంతువు.

రైమ్స్ వితంతువునకు మామగారి ధనమును, నేలమాళిగలును, దేశదేశములు తిరుగు ప్రతినిధులును ఉండిరి. మెట్టపల్లె స్త్రీకి అవి లేవు. అయినను ఇరువురి విద్య ఒక్కటే: పులియు రసము నెరుగుట, కొనువాని నెరుగుట, కాలము నెరుగుట.

ఈ వర్తకమున వెలుగెంతయో చీకటియు నంత. చెట్లు తరిగి గిరాకి పెరిగినచోట మత్తుమందులు కలిపిన కల్తీకల్లు చొరబడినది. మహబూబునగరు ప్రాంతము దీనివలన ఎంతో నష్టపడినది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లిలో కల్తీకల్లు ప్రాణములనే హరించినది. నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరుగబడగా 1993లో సారా నిషేధము వచ్చిన సంగతి ఉపాధ్యాయు లెరుగుదురు. మత్తువలన కలుగు చేటును ముందుగా అనుభవించునది స్త్రీయే. కావున కల్తీని నిలువరించు అధికారము కూడ ఆమెకుండుట మేలు.

ఇప్పుడొక క్రొత్త దారి కనబడుచున్నది. అదే నీరా. పులియక ముందటి తాటిరసమును తెల్లవారకముందే సేకరించి, చల్లగా నిలిపినచో అది మత్తులేని తీయని పానీయము. 2023 మే నెలలో హైదరాబాదు హుస్సేనుసాగరు తీరమున ప్రభుత్వము నీరా కేఫును తెరచినది. 2016 వరకు నల్లగొండ జిల్లాలోనే యున్న భువనగిరి సమీపపు నందనము ఈ ప్రయత్నములో చేరిన గ్రామములలో నొకటి. నీరాలో చలువ ఒక్క గడియ తప్పినను సరకు కల్లగును. శుభ్రత, వేళ, లెక్క, కొనువారి నమ్మకము: దీనికి కావలసినవన్నియు మండువాలో కూర్చున్న ఆ ఇల్లాలు ఏనాడో నేర్చినవే. ఆ అనుభవమునకు కొంత రసాయనశాస్త్రమును, కొంత వాణిజ్యశాస్త్రమును తోడైన చాలును.

ఆ తోడు పాఠశాలలోనే లభింపవలెను. గౌడు ఇంటి బాలిక తరగతిలో కిణ్వనమును గూర్చి చదువునపుడు, అది తన తల్లి ప్రతిదినము వాసనతో గుర్తించు విషయమే యని ఉపాధ్యాయుడు చెప్పినచో, ఆ తల్లి విద్యకు మొదటిసారి ఒక పేరు లభించును. ఆ బాలిక రేపు నీరా కేంద్రమునకు అధికారిణి కావలెనన్నచో, అందుకు ఆమె తండ్రి చెట్టునుండి పడనక్కరలేదు. ఆమె ఎవరి వితంతువును కానక్కరలేదు.