పతకముల పట్టికను చదువుట యెట్లు?

దుగ్గిరాల పసుపు యార్డులో కొమ్ములను, కాయలను వేర్వేరు రాశులుగా పోసి వేర్వేరుగా వెల కట్టుదురు. రెంటిని కలిపి మొత్తము బస్తాలు చెప్పినచో సరకు విలువ తెలియదు. అంతర్జాతీయ క్రీడలలోని పతకములును అట్టివే. తైక్వాండో పోటీలను ఉదాహరణముగా గైకొని ఈ సంగతిని శ్రోతలకు వివరింపదలచితిమి.

తైక్వాండో కొరియా దేశపు విద్య. కాలితో తన్నుట యిందు ప్రధానము. మొండెముపై పిడికిలి పోటునకు 1 పాయింటు, కాలిదెబ్బకు 2, తలపై తన్నినచో 3. గిరుక్కున తిరిగి తన్నినచో మొండెమునకు 4, తలకు 5. తలను పిడికిలితో కొట్టరాదు. ప్రథమ ప్రపంచ పోటీలు 1973లో సియోల్ నగరమున జరిగినవి. స్త్రీలకు ప్రవేశము 1987లో లభించినది. 2000లో సిడ్నీయందు ఇది ఒలింపిక్ పతక క్రీడ యైనది.

క్రీడాకారులను బరువును బట్టి తరగతులుగా విభజింతురు. ప్రపంచ పోటీలలో పురుషులకు 8, స్త్రీలకు 8 తరగతులు కలవు. ఒలింపిక్సులో నాలుగేసి మాత్రమే. ప్రతి తరగతికి స్వర్ణ మొకటి, రజత మొకటి, కాంస్యములు రెండు. ప్రపంచ పోటీలలో సెమీఫైనలున ఓడిన యిద్దరికిని కాంస్యము లిత్తురు. 2022లో ఇస్తాంబుల్‌లో నిజామాబాదు ఆడపడుచు నిఖత్ జరీన్ 52 కిలోల స్వర్ణము గెలిచిన ప్రపంచ బాక్సింగు పోటీలందును ఇదే పద్ధతి. ఒలింపిక్ తైక్వాండోలో మాత్రము కాంస్యమునకు మరల పోరాడవలెను. కావున అచట రజత విజేత ఓటమితోను, కాంస్య విజేత గెలుపుతోను ఇల్లు చేరుదురు!

2021లో జరిగిన టోక్యో ఒలింపిక్సులో ఈ విద్యకు పుట్టినిల్లయిన దక్షిణ కొరియాకు ఒక రజతము, రెండు కాంస్యములు దక్కినవి, స్వర్ణము లేదు. థాయిలాండుకు దక్కిన దొక్కటే పతకము: 49 కిలోల తరగతిలో పానిపాక్ గెలిచిన స్వర్ణము. సాధారణముగా పట్టికలో స్వర్ణములనే ముందు లెక్కింతురు గనుక, ఒక్క పతకము గల థాయిలాండు మూడు గల కొరియాకు పైన నిలిచినది. 2024లో పారిస్ నగరమున కొరియా రెండు స్వర్ణములు గెలిచి మరల తలయెత్తినది.

ఈ లెక్క మన యిండ్లకును అవసరమే. పిల్లవాడు "అంతర్జాతీయ" పతకముతో వచ్చినప్పుడు తల్లిదండ్రులు మెచ్చుకొనవలసినదే. పిదప మూడు ప్రశ్నలు వేయవలెను. ఏ సంస్థ జరిపినది? ఆ తరగతిలో ఎందరు పోటీ చేసిరి? మన వాడు ఎన్ని పోటీలు గెలిచెను? 1966లో ఒక అంతర్జాతీయ సమాఖ్య, 1973లో వేరొక ప్రపంచ సమాఖ్య ఏర్పడినవి. రెండును ప్రపంచ పోటీలు జరుపును. ఒలింపిక్సునకు మార్గము రెండవదాని ద్వారానే. ఒక తరగతిలో నలుగురే యున్నచో, ఒక్క పోటీయైన గెలువకయే కాంస్యము చేతికి రావచ్చును.

ఈ ప్రశ్నలు పిల్లవానిని చిన్నబుచ్చుటకు కావు. అప్పుచేసి దూరప్రయాణములకు పంపుటకు ముందు దారి తెలిసికొనుటకే. తక్కువ తరగతిలో చేర్చవలెనని ఎదిగే బిడ్డను పస్తుంచుట మాత్రము ఎన్నడును తగదు. పతకము మెడలో ఒక దినము వ్రేలాడును. ఆరోగ్యము జీవితాంతము తోడుండవలెను.