రూపాయికి ఇరవై అణాలు

జహీరాబాద్ నుంచి ఒక పాఠకురాలు రాశారు: "మా ఆయన ఇంటిపనిల ఆఠాణా నేనే చేస్తున్న అంటడు. నా లెక్కల బారాణా నాదే. అబద్ధం ఎవరిది?" ఇలాంటి ప్రశ్న వస్తే మిగతా ఉత్తరాలు పక్కన పెట్టాల్సిందే. ఎనిమిదీ పన్నెండూ ఇరవై. పదహారణాల రూపాయిలో పైన నాలుగణాలు ఎలా పుట్టాయి?

ముందు, ఈ వాటాల లెక్క మనసును ఎందుకు కలవరపెడుతుందో రెండు ముక్కల్లో. మనిషి తాను పెట్టినదాన్నీ తనకు దక్కినదాన్నీ పక్కవాడితో పోల్చుకుంటాడని 1963లో జాన్ స్టేసీ ఆడమ్స్ ఉద్యోగుల గురించి చెప్పాడు. ఎలెయిన్ హాట్‌ఫీల్డ్, ఎలెన్ బెర్షైడ్ దాన్ని ప్రేమికుల దాకా, దంపతుల దాకా తీసుకొచ్చారు. తక్కువ దక్కినవారికి కోపం, ఎక్కువ దక్కినవారికి కాస్త అపరాధభావం. రెండింటివల్లా తృప్తి తగ్గుతుంది.

వీళ్ల పని అందరికీ రుచించలేదు. ప్రజాధనం వృథా చేసేవాళ్లను వెక్కిరించడానికి అమెరికా సెనేటర్ విలియం ప్రాక్స్‌మైర్ 1975 మార్చిలో 'గోల్డెన్ ఫ్లీస్' అవార్డు పెట్టాడు. మొట్టమొదటిది, ఈ పరిశోధనకు 84,000 డాలర్లు ఇచ్చిన నేషనల్ సైన్స్ ఫౌండేషన్‌కే! ప్రేమ సైన్సుకు అందదని ఆయన వాదన. ప్రేమ సంగతేమో గానీ, అంట్లు తోమడం మాత్రం చక్కగా అందింది.

1979లో కెనడాలోని వాటర్లూలో మైఖేల్ రాస్, ఫియోర్ సికోలీ 37 జంటలను తీసుకున్నారు. వంట, అంట్లు, పిల్లలు వంటి 20 విషయాల్లో ఎవరి వంతు ఎంతో భార్యనూ భర్తనూ విడివిడిగా అడిగారు. 16 విషయాల్లో ఇద్దరి వాటాలూ కలిపితే నూరు శాతం దాటింది.

గొప్పలు చెప్పుకున్నారనేది అందరికీ తట్టే జవాబు. అది తప్పు! ఆ జాబితాలో గొడవలు మొదలుపెట్టడం, ఇల్లు చిందరవందర చేయడం వంటివి కూడా ఉన్నాయి. వాటిలోనూ జనం తమ వంతును పెంచే చెప్పారు. తగవుకు కారణం నేనే అనడం ఏం గొప్ప? అసలు కిటుకు జ్ఞాపకానిది. ఉదాహరణలు రాయమంటే తాము చేసినవి దాదాపు 11 రాశారు, ఎదుటివారివి 8. ఈ తేడా ఎక్కువున్నవారే తమ వాటానూ ఎక్కువ పెంచారు. చేసిన పని చేసినవారికి మొదటి నుంచి చివరిదాకా తెలుసు, చూసినవారికి కొసే తెలుసు.

జహీరాబాద్‌లో దీనికి ఉదాహరణ వెతకనక్కర్లేదు. పస్తాపూర్ కేంద్రంగా 1983లో మొదలైన డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు పాత పంటల విత్తనాలు కాపాడి పేరు తెచ్చుకున్నాయి. 2019లో ఆ సంస్థకు ఈక్వేటర్ బహుమతి వచ్చింది. మంచి కంకులు ఏరాలి, ఎండబెట్టాలి, బూడిదా వేపాకూ కలిపి దాచాలి, పురుగు పట్టకుండా చూసుకోవాలి. విత్తేనాడు భర్త చేతికి అందేవి గింజలే. అలాగే అర్ధరాత్రి లేచి పొలంలో మోటారు వేసి వచ్చిన భర్త చలి, నిద్రపోతున్న భార్య లెక్కలోకి రాదు.

కాబట్టి అబద్ధం ఎవరిదీ కాదు. అయితే ఇద్దరూ పెంచి చెబుతున్నారంటే ఇద్దరివీ సమానమైన వాటాలని కాదు. చాలామంది భర్తలు ఇక్కడే హాయిగా ఊపిరి పీల్చుకుంటారు. మన జాతీయ గణాంక కార్యాలయం 2024లో దాదాపు 1.39 లక్షల కుటుంబాల్లో కాల వినియోగ సర్వే చేసింది. నీ వాటా ఎంత అని అది అడగదు. ముందురోజు తెల్లవారుజాము నాలుగు నుంచి అరగంట అరగంటగా ఏం చేశావో అడుగుతుంది. జీతం లేని ఇంటిపనికి ఆడవాళ్లు రోజుకు 289 నిమిషాలు, మగవాళ్లు 88. అదీ ఆరోజు ఇంటిపని ముట్టుకున్న మగవాళ్ల సగటే. అసలు ముట్టనివాళ్లు ఈ 88లోకి రారు! ఇవి జంటలవారీ లెక్కలు కావు గానీ, రూపాయిలోకి మారిస్తే ఆడవాళ్ల వంతు పన్నెండుంపావు అణాలు. అమ్మా, మీ బారాణా మరీ తప్పుడు లెక్కేం కాదు.

మరి దీనివల్ల లాభమేమిటని అడుగుతారు, ఎప్పుడూ అడిగేదే. పద్దు పుస్తకం పెట్టమని మాత్రం నేను చెప్పను. అదే 1979లో, రాస్, సికోలీల వ్యాసం వచ్చిన పత్రికలోనే, మార్గరెట్ క్లార్క్, జడ్సన్ మిల్స్ ఇంకో సంగతి చూపారు: దగ్గరితనం కోరుకునేవారికి, చేసిన సాయానికి వెంటనే బదులు తీర్చేసే మనిషి మీద ఇష్టం తగ్గుతుంది. అందుకని ఈ ఆదివారం మీ ఇద్దరూ 'సగం', 'ముప్పావు' అనకుండా, నిన్న నాలుగింటి నుంచి ఎవరేం చేశారో అరగంట అరగంటగా చెప్పుకోండి. ఒక్కసారి చాలు. రోజూ అడిగితే క్లార్క్, మిల్స్ మాట నిజమవుతుంది.