తుంటి కొత్తది, కండలు పాతవి

కోనసీమలో నాట్లకి వంగాలన్నా, కొబ్బరికాయలు మొయ్యాలన్నా తుంటి గట్టిగా ఉండాలి. తుంటి కీలు బాగా అరిగిపోతే ఆపరేషన్ చేసి కొత్త కీలు అమరుస్తారు. దీనికి 1962లో ఇంగ్లండు డాక్టరు జాన్ చార్న్‌లీ మంచి దారి చూపాడు.

కీలు కొత్తదే. దాని చుట్టూ ఉన్న కండలు మాత్రం పాతవే. అవి చాలాకాలం సరిగా పనిచెయ్యలేదు. ఆపరేషన్‌లో కూడా నలిగాయి. అందుకే కొన్ని వారాలు తొడ, పిరుదు నొప్పి పెడతాయి. నొప్పికి భయపడి మంచం దిగకపోతే కండలు ఇంకా నీరసిస్తాయి.

మరి ఏం చెయ్యాలి? డాక్టరు చెప్పిన మాత్ర వేళకి వేసుకోవాలి. వాకరు పట్టుకుని ఇంట్లోనే కాసేపు నడవాలి. రోజూ కొంచెం పెంచాలి. ఐసుముక్కలు గుడ్డలో చుట్టి పావుగంట పెడితే వాపు తగ్గుతుంది. డాక్టరు సరే అనేదాకా నేల మీద, పీట మీద కూర్చోకూడదు.

నొప్పి అంటే చాలు, ఇంట్లోవాళ్లు నూనె రాసి కాలు పిసుకుతారు. పిక్క వాచి నొప్పి పుడితే అసలు పిసకకూడదు. అక్కడ రక్తం గడ్డకట్టి ఉండొచ్చు. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తుల్లోకి పోతే ప్రాణానికే ముప్పు. పిక్క వాచినా, జ్వరం వచ్చినా, కుట్ల దగ్గర చీము కారినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఆయాసం, గుండెలో నొప్పి వస్తే 108కి ఫోను చెయ్యాలి.

కాలవగట్టు దాకా నడిచే రోజు వస్తుంది. ముందు గుమ్మం దాకా నడవాలి.