ఇంటి యీగ: దాని వింత బ్రతుకు

సువర్ణరేఖా, ఖర్కాయి నదుల సంగమముచెంత వెలసిన జంషెడ్‌పురము ముందుగా ఆలోచించి కట్టిన పట్టణము. విశాలమైన వీథులును, నీడనిచ్చు చెట్లును ఉండవలెనని జంషెట్జీ టాటా 1902లో తన కుమారునికి వ్రాసెను. సాక్చి గ్రామమువద్ద 1908లో కర్మాగార నిర్మాణము మొదలైనది. 1912లో ఉక్కు పుట్టినది. 1919లో ఊరికి ఆయన పేరు వచ్చినది. జీవనోపాధికై ఇచ్చటికి వచ్చిన తెలుగువారును తరతరములుగా ఇచ్చటనే స్థిరపడిరి. అయితే ఏ పథకమునకును లోబడక, ఎవరి యనుమతియు కోరక, ప్రతి యింటను కాపురముండు జీవి యొకటి కలదు. అదియే ఈగ.

ఈగను మనము ప్రతిదినము చూచుచున్నాము. కాని దానిని ఎరిగినవారు అరుదు. ఇంటి యీగకు పండ్లు లేవు, కరవలేదు, నమలలేదు. దాని నోరు నీటిని పీల్చు మెత్తని దూదివంటిది. కావున అది ద్రవమును మాత్రమే త్రాగగలదు. బెల్లపుముక్కపై వ్రాలినపుడు తన లాలాజలమును, అంతకుముందు మ్రింగినదానిలో కొంత భాగమును దానిపై కక్కి, కరిగించి, మరల పీల్చుకొనును. ఆ ముందటి భోజనము మరుగుదొడ్డిలోనిదై యుండవచ్చును. తినుచుండగనే అది మలమును గూడ విడుచును. మిఠాయిలపై, గాజుపలకలపై కానవచ్చు చిన్న చుక్కలు ఇట్టివే.

ఈగ పాదములతో రుచి చూచును. అన్నముపై కాలు మోపగానే అది తినదగినదో కాదో దానికి తెలియును. ఆ పాదముల యడుగున జిగురుగల సన్నని వెండ్రుకలు కలవు. గోడపై, పైకప్పుపై జారకుండ నడచుటకు అవి తోడ్పడును. మలినమును మోసికొని వచ్చుటకును అవియే సాధనములు. కలరా, టైఫాయిడు, జిగట విరేచనములు మొదలగు వ్యాధుల క్రిములు ఈ విధముగా మన కంచములోనికి చేరగలవు.

ఇక పుట్టుక. ఆడ యీగ ఒక్క విడతకు 100 మొదలు 150 వరకు గ్రుడ్లను పేడలోనో, కుళ్లిన చెత్తలోనో పెట్టును. వేడి దినములలో ఒక్క రోజులోపలనే అవి పగిలి, కాళ్లులేని తెల్లని పురుగులు వెలువడును. ఆ పురుగు తల కుళ్లులో దాచుకొని, తోకచివరనున్న రంధ్రములతో ఊపిరి పీల్చును. పెరిగిన పిమ్మట పొడినేలకు ప్రాకిపోవును. అచ్చట దాని చర్మమే గట్టిపడి గోధుమరంగు పెట్టెయగును. లోపల ఈగ రూపొందినపుడు, నొసట ఒక సంచి బుడగవలె ఉబ్బి పెట్టె మూతను త్రోసివేయును. పని ముగిసిన వెనుక ఆ సంచి తలలోనికి ముడుచుకొనిపోవును. నొసటిపై మచ్చ మాత్రము మిగులును.

రెక్కలు వచ్చిన యీగ ఇక పెరుగదు. కావున చిన్న యీగలు పెద్దవాని పిల్లలని తలచుట పొరపాటు. ఎండకాలమున గ్రుడ్డు ఈగయగుటకు ఏడు మొదలు పది దినములు చాలును.

ఈగను చేతితో కొట్టుట కష్టమని అందరికిని తెలియును. దాని కన్నులు ఒక్కొక్కటియు వేలకొలది చిన్న కన్నుల కూర్పు. కదలికను అవి మనకంటె త్వరగా గుర్తించును. మందు చల్లుటయు శాశ్వతమైన ఉపాయము కాదు. 1940ల చివరి భాగముననే డి.డి.టి.కి చావని ఈగలు ఐరోపాలో కనబడినవి. కావున దానిని పుట్టనీయకుండుటయే సరియైన మార్గము.

ఇచ్చట ఖటాలములని పిలువబడు పాడిపశువుల కొట్టములలోను, అంగడివీథుల ప్రక్కను, మామిడి తొక్కలు, పనస తొనల పిప్పి పారవేయు చోటులందును ఈగకు పురిటిల్లు దొరకును. చెత్తను వారమునకు రెండుసార్లయినను తొలగించినచో, పురుగు ఈగయగుటకు ముందే దాని కథ ముగియును. పేడను కుప్పగా నుంచక, పలుచగా పరచి ఎండనిచ్చినచో పురుగు బ్రతుకజాలదు. చెత్తబుట్టకు మూత, మరుగుదొడ్డికి తలుపు, అన్నమునకు జాలిమూత ఉండవలెను. పసిబిడ్డల మలము హానిలేనిదని కొందరు తలతురు. అది నిజము కాదు. దానిని వెంటనే మరుగుదొడ్డిలో వేసి, చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

బిడ్డకు విరేచనములు పట్టుకొన్నచో ఆలస్యము చేయరాదు. శరీరములోని నీరు, ఉప్పు తరిగిపోవుటయే ప్రాణాపాయమునకు మూలము. శుభ్రమైన నీటిలో ఓ.ఆర్.ఎస్. పొట్లమును కలిపి కొంచెము కొంచెముగా త్రాగించవలెను; తల్లిపాలు మానరాదు. కన్నులు లోతుకు పోయినను, మూత్రము తగ్గినను, మలములో రక్తము కనబడినను, బిడ్డ మగతగా నున్నను వెంటనే వైద్యశాలకు చేర్చవలెను.

ఈగకు మలమునకును మన భోజనమునకును భేదము తెలియదు. ఆ భేదమును కాపాడవలసినవారము మనమే.