నాడి చూసే ముందు నిప్పార్పాలి

మనిషికి వైద్యుడు నాడి చూసినట్టే, పాత కారుకు మెకానిక్ కంప్రెషన్ చూస్తాడు. బండి ఎత్తు ఎక్కలేక రొప్పుతున్నదంటే, పిస్టన్ రింగులు అరిగాయా, వాల్వులు సరిగా మూసుకోవడం లేదా అన్నది ఆ పరీక్షతో తేలుతుంది. ప్లగ్గులు విప్పి, ఆ రంధ్రంలో గేజి బిగించి, స్టార్టరుతో ఇంజను తిప్పడమే గదా అనిపిస్తుంది. కాని అంతకు ముందు చేయవలసిన చిన్న పని ఒకటి వున్నది.

మా బావగారి దగ్గర పాత పెట్రోలు అంబాసిడర్ వున్నది. 1489 సి.సి., నాలుగు సిలిండర్లు. 2014లో ఉత్తరపారా కర్మాగారం అంబాసిడర్ల తయారీ మానేసినా, ఆయన మమకారం మాత్రం తగ్గలేదు. ఒకనాడు ప్లగ్గులన్నీ విప్పించి, "ఏమోయ్, తాళం తిప్పు" అన్నారు నాతో. ముసలి మెకానిక్ చెయ్యి అడ్డుపెట్టాడు.

"ఆగండి బాబూ! కాయిల్ ఇంకా బతికే వుంది."

ఆ మాటలో ఎంతో అర్థమున్నది. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. డిస్ట్రిబ్యూటరులోని పాయింట్లు తెరుచుకున్న ప్రతిసారీ కాయిల్ దానిని వేల వోల్టులు చేసి వదులుతుంది. ప్లగ్గు వుంటే ఆ మెరుపు సిలిండరు లోపలే మెరుస్తుంది. లేకుంటే దగ్గరున్న ఇనుము మీదికో, మన వేలి మీదికో దూకుతుంది. అదే సమయంలో ప్లగ్గు రంధ్రాలనుంచి పెట్రోలు ఆవిరి బుస్సుమంటూ వస్తూ వుంటుంది. రెండూ ఎదురుపడితే ఏమవుతుందో వేరే చెప్పాలా? నిప్పు అంటుకోకపోయినా, దారి దొరకని కరెంటు కాయిల్ లోపలి ఇన్సులేషన్‌ను చీల్చవచ్చు.

విరుగుడు సులువే. స్విచ్ కట్టేసి, దానినుంచి కాయిల్‌కు వచ్చే సన్నని తీగెను ఊడదీయాలి. కొసకు టేపు చుట్టి, ఇనుముకు తగలకుండా పక్కకు కట్టాలి. లేకుంటే తాళం తిప్పగానే షార్టవుతుంది. కాయిల్ నడిమి లావు తీగెను ఊడబీకి వేలాడదీస్తే చాలదు. మెరుపు పుడుతూనే వుంటుంది.

ఇక వెచ్చగా వున్న ఇంజనును న్యూట్రల్‌లో, హ్యాండుబ్రేకు వేసి, యాక్సిలరేటరు పూర్తిగా నొక్కి తిప్పాలి. ఒక్కొక్క సిలిండరుకూ గేజి ముల్లు నాలుగైదుసార్లు ఎగిరితే చాలు. ఒకటి మిగతావాటికన్నా బాగా తగ్గితే, అందులో చెంచాడు ఇంజన్ ఆయిలు పోసి మళ్లీ చూడాలి. అంకె పెరిగితే రింగుల లోపం. పెరగకుంటే సాధారణంగా వాల్వులది. హెడ్డు విప్పితే తీరే జబ్బుకు ఇంజను మొత్తం దింపించే ఖర్చు అలా తప్పుతుంది.

పరీక్ష ముగిశాక ఊడదీసిన తీగెను మళ్లీ తగిలించడం మరువకండి. లేకపోతే నిక్షేపంలాంటి బండి కూడా మొరాయిస్తుంది!